నాలుక మీద చుక్క

ఆ గదిలో రెండు వంశాల పచ్చపురుగులు పెరిగేవి. పత్తి, టమాటా, మొక్కజొన్న అని చూడకుండా పైరును నమిలేసే జాతి అది. ఎడమ గూళ్లలోవి మామూలువి. కుడి గూళ్లలోవాటికి చేదును పసిగట్టే జన్యువు ఒకదాన్ని తీసేశారు. చేదు పూసిన ఆకు పెడితే ఎడమవైపువి మొహం తిప్పుకుంటాయి, కుడివైపువి ఈనె కూడా మిగల్చవు. ఆ జన్యువు పని ఇదేనని తేలితే, దాన్ని రెచ్చగొట్టే మందును పైరు మీద చల్లవచ్చు. పురుగు చావదు, ఆకు ముట్టదు.

కుడి గూళ్లు అక్కవి. ప్రయోగశాలలో ఆమెకంటే పెద్దవాళ్లు కూడా ఆమెను అక్కా అనే పిలిచేవారు. మూడేళ్లుగా ఆ వంశాన్ని గుడ్డు నుంచి గుడ్డుకు దాటిస్తున్నది ఆమే.

ఆమెకు ఇంకో పని కూడా ఉంది. చేదు ద్రావణం కొత్తగా కలిపినప్పుడల్లా ఒక చుక్క నాలుక మీద వేసుకుని చూడాలి. కాఫీ గింజల్లోని చేదే కనుక ప్రమాదం లేదు. ‘ఇక్కడ ఏదీ నోట పెట్టరాదు’ అన్న బోర్డు కిందే నిలబడి ఆమె చుక్క వేసుకునేది. “చేదే” అనేది. ఆ మాట పడ్డాకే ఆకులకు పూసేవారు. “యంత్రమైనా అబద్ధమాడుతుందేమో కానీ అక్క నాలుక ఆడదు” అనేవాడు పెద్దాయన. ఆ శాలకు అధిపతి ఆయన.

రెండు నెలల కిందట ఆమెకు జ్వరం వచ్చి తగ్గింది. పోతూ పోతూ వాసననూ రుచినీ పట్టుకుపోయింది. ఆమె ఎవరికీ చెప్పలేదు. తిరిగి వస్తాయనుకుంది. కొన్నాళ్లకు అనుకోవడం మానేసింది.

మొన్న రాత్రి భర్త కూరలో ఉప్పు రెండుసార్లు వేశాడు. పిల్లలు కంచాలు పక్కకు తోశారు. ఆమె తన కంచం ఖాళీ చేసింది.

“కోపమొస్తే తిట్టు తల్లీ. ఇలా తిని సాధించకు” అన్నాడాయన.

“బాగానే ఉందిగా.”

“నీ కుడివైపు పురుగులు కూడా దీన్ని ముట్టవే!”

పిల్లలు నవ్వారు. అందరూ నవ్వుతున్నారు కనుక ఆమె కూడా నవ్వింది.

మర్నాడు ద్రావణం కొత్త సీసా వచ్చింది. చుక్క వేసుకుని, ఎప్పట్లాగే “చేదే” అంది. ఆ తెల్లారి పరీక్ష పళ్లేలు తెరిచి చూస్తే మామూలు పురుగులు కూడా పూసిన ఆకులను తినేశాయి.

“వీటికీ చేదు తెలియట్లేదంటే రెండు వంశాలూ కలిసిపోయినట్టే” అన్నాడు పెద్దాయన. “కుడి గూట్లోంచి ఎక్కడో ఒక రెక్కల పురుగు జారింది.”

“నా గూళ్లలోంచి ఏదీ జారదు సార్.”

“ద్రావణం నువ్వే చూశావు, అది సరిగ్గానే ఉంది. ఇక మిగిలింది గూళ్లే కదమ్మా?”

ద్రావణాలు కలిపేది తొందరయ్య. టీ కూడా నడుస్తూనే తాగుతాడని ఆ పేరు పెట్టారు. “పోన్లే అక్కా, అవి సంబంధాలు కలుపుకోవడానికి మనల్నేమైనా అడుగుతాయా!” అన్నాడు.

“జన్యుపరీక్షకు పంపుదాం సార్” అంది ఆమె.

“ఫలితం వచ్చేలోగా ఇంకో తరం కలుస్తుంది. వద్దు. మధ్యాహ్నానికి అన్నిటినీ ఫ్రీజర్లో పెట్టి చంపేయండి.”

ఆమె పళ్లేలు ఒకదానిమీద ఒకటి పేర్చుకుని ఫ్రీజర్ దగ్గరికి నడిచింది. తలుపు తీసింది. మూడేళ్ల పని. ఏడుపు వస్తుందేమోనని చూసింది. రాలేదు.

పై పళ్లెంలో ఒక మామూలు పురుగు ఇంకా తింటోంది. పూసిన ఆకు చివరి ముక్క అది. పక్కనే ఉన్న పూయని ఆకుకు గాటు కూడా పడలేదు. చేదు తెలియని పురుగైతే రెండూ తినాలి. ఇది ఏరుకుని తింటోంది.

ఆమె వెనక్కి తిరిగి తొందరయ్య బల్ల చూసింది. చేదు పొడి డబ్బా పక్కనే, మేతలో కలిపే పంచదార పొడి డబ్బా ఉంది. రెండు పొడులూ తెలుపే.

ఫ్రీజర్ మూసింది. సీసా తీసుకుని పెద్దాయన గదికి వెళ్లింది.

“ఒక చుక్క వేసుకోండి సార్.”

“నువ్వు చూశావుగా?”

“మీరు చూడండి.”

ఆయన వేసుకున్నాడు. చప్పరించాడు. “తియ్యగా ఉంది.”

గుమ్మంలోకి వచ్చిన తొందరయ్య తల పట్టుకున్నాడు. “నా చేతులు పడిపోను! పంచదార వేసి చచ్చానా?”

పెద్దాయన అతని వైపు చూడలేదు. “మరి నువ్వు చేదన్నావే?”

“నాకు తెలియదు సార్. చేదూ తెలియదు, తీపీ తెలియదు. జ్వరం వచ్చిన దగ్గర్నుంచీ.”

“అంటే ఈ రెండు నెలల పరీక్షలు…”

“అన్నీ పక్కన పెట్టాలి.”

ఆయన సీసా మూత బిగించాడు. మళ్లీ విప్పాడు. “గూళ్లు ఉండనివ్వు” అన్నాడు చివరికి. “నాలుకకు మాత్రం ఇంకెవరినైనా చూద్దాం.”

తొందరయ్య కొత్తగా కలిపి, బోర్డు కింద నిలబడి తనే చుక్క వేసుకుని కుళాయి దగ్గరికి పరుగెత్తాడు. “చేదే, చేదే! ఇన్నేళ్లూ ఎలా ఓర్చుకున్నావక్కా?”

అలవాటు కొద్దీ ఆమె కూడా ఒక చుక్క వేసుకుంది. చల్లగా ఉంది. అంతే.

కుడి గూళ్లలో ఆకులు మార్చి, ఇంటికి ఫోన్ చేసింది.

“ఇవాళ్టి నుంచి కూరలో ఉప్పు మీరే రుచి చూసుకోండి.”

“ఇంకా ఆ కోపం తగ్గలేదా?”

“కోపం కాదు. ఇంటికొచ్చి చెప్తాను.”