ఎల్లవ్వ చెట్టెక్కిన గడియారం

జగిత్యాల టవర్ దగ్గర ముప్పై రెండేళ్లుగా గడియారాలు అమ్ముతూ, బాగుచేస్తూ బతుకుతున్నాను. నా పేరు ప్రభుదాస్. సెల్‌ఫోన్లు వచ్చాక వ్యాపారం ఎలా ఉందని మాత్రం అడక్కండి, నాకు కోపం వస్తుంది. అసలే కోపం తొందరగా వచ్చే మనిషిని. అలాంటి నన్ను పట్టుకుని, నా దుకాణంలోనే నిలబడి, "నీ గడియారం అబద్ధమాడుతది సేటూ" అన్నాడు ఒక కల్లుగీసే మనిషి.

ఆయన సాయిలు గౌడ్. మల్యాల పక్క పల్లె. వెంట కూతురు మానస, డిగ్రీ రెండో ఏడు చదువుతోంది. కొండలెక్కే శిక్షణకు కాలేజీ నుంచి ఇద్దరిని ఎంపిక చేస్తే అందులో ఈ పిల్ల ఒకతె. వేసవిలో నెల రోజులు మంచుకొండల్లో ఉండాలి. తెచ్చుకోవాల్సిన సామాన్లలో ఎత్తు చెప్పి, దిక్కులు చూపే గట్టి గడియారం ఒకటి. దానికి డబ్బు మస్కట్‌లో ఉన్న మేనమామ పంపాడు. తండ్రి సంతకం మాత్రం మేనమామ పంపలేడు కదా. కాలేజీ ఇచ్చిన అనుమతి కాగితం పదిహేను రోజులుగా సాయిలు చొక్కా జేబులో మడతపడి ఉంది. సోమవారం కాలేజీలో ఇవ్వకపోతే మానస చోటు ఇంకొకరికి పోతుంది.

"ముప్పై ఏండ్ల సంది చెట్లెక్కుతున్నవు. బిడ్డ కొండెక్కుతనంటే నీకు భయమేందన్నా?" అని అడిగాను.

"నేనెక్కితే కింద నా ఊరుంటది సేటూ. గాడ ఎటు జూసినా మంచేనట. దారి తప్పితే అడుగుదామన్నా మనిషి దొరుకడట. ఇగ దారి జెప్పేది గీ గడియారమే. గిది నిజం జెప్తదని నా కండ్లతోని జూస్తె సంతకం. లేకుంటే లేదు."

మానస నా వైపు చూసింది. ఆ చూపు చూస్తే ఎవరికైనా జాలేస్తుంది. హైదరాబాదు నుంచి తెప్పించిన మూడు గడియారాలూ తీసి అద్దం మీద పెట్టాను.

మొదటిది అన్నిటికంటే అందమైనది. వేలితో తాకితే పనిచేస్తుంది. సాయిలు వేలు పెట్టి రుద్దాడు. కత్తి పట్టీ మోకు పట్టీ బండబారిన వేలు అది. గడియారం ఉలకలేదు, పలకలేదు. "గిది నన్ను గుర్తువడ్తలేదు. మంచుల చేతికి గ్లౌజులు తొడిగితే నిన్ను గూడ గుర్తువట్టది బిడ్డా" అని పక్కకు జరిపాడు. ముప్పై రెండేళ్ల అనుభవం ఉన్న నాకు ఆ ముక్క తట్టలేదని ఒప్పుకుంటున్నాను.

రెండోదాన్ని అడ్డంగా తిప్పి చూసి, అద్దం అంచుకంటే పైకి ఉందన్నాడు. "చెట్టుకు రాసుకుంటె మొదలు పగిలేది గిదే."

మూడోది నల్లగా, లావుగా ఉంటుంది. చుట్టూ ఐదు మీటలు, అద్దం లోపలికి దిగి ఉంటుంది. బొటనవేలితో నొక్కితే కీచుమంది. "గిది పనోని గడియారం" అని సంబరపడ్డాడు. హమ్మయ్య అనుకున్నాను. అప్పుడే ఎత్తు చూపే మీట నొక్కాడు.

"రెండు వందల ఎనభై రెండు మీటర్లా? నేను నేల మీదనే ఉన్న గదా!"

"అది సముద్రం నుంచి లెక్క, సాయిలన్నా."

"సముద్రం నేనెన్నడన్న జూసిన్నా? నా చెట్లు సముద్రంల మొలిచినయా? చెట్టు మొదట్ల నిలబడ్డోన్ని పట్టుకొని కొసకున్నవంటే ఎట్ల నమ్మాలె? నీ గడియారం అబద్ధమాడుతది సేటూ."

మానస కడుపు పట్టుకుని నవ్వింది. నాకు మాత్రం ఒళ్లు మండింది. "అయితే నీ చెట్టే ఎక్కించి చూడు!" అనేశాను. అమ్మని సరుకును నేను ఏనాడూ దుకాణం దాటించలేదు. అందుకే ఆదివారం పొద్దున్నే గడియారాన్ని సంచిలో పెట్టుకుని నేను కూడా మల్యాల బస్సెక్కాను.

సాయిలు భార్య మొగిలవ్వ నన్ను చూసి, చాయ్ చేతికిస్తూ నవ్వింది. "నన్ను జూసుకునేటందుకు ఒక్కసారే అచ్చిండు సేటూ ఈయన. గీ గడియారాన్ని రెండోసారి జూస్తుండు."

తాటివనంలో సాయిలు చెట్లన్నిటికీ పేర్లున్నాయి. అన్నిటిలోకి ఎత్తైనది ఎల్లవ్వ చెట్టు. ఆయన నాయనమ్మ పేరు. గింజ నాటింది ఆవిడేనట. సాయిలు లెక్కలో అది సరిగ్గా పదకొండు నిలువులు. అంటే పదకొండు మంది సాయిలులు ఒకరి నెత్తిన ఒకరు నిలబడినంత.

చెట్టు మొదట్లో మానస మీటలు నొక్కి ఎత్తును సున్నా చేసింది. "బాపూ, ఇప్పుడు సముద్రం గిక్కడికే అచ్చిందనుకో" అంది. సాయిలు చెట్టుకూ నడుముకూ మోకు బిగించి చకచకా ఎక్కేశాడు. కిందనుంచి చూస్తున్న నాకే మెడ పట్టేసింది.

"పద్దెనిమిది!" పైనుంచి కేక వినిపించింది.

మానస నేల మీద పుల్లతో లెక్క వేసింది. తండ్రి ఎత్తును పదకొండుతో హెచ్చిస్తే పద్దెనిమిది మీటర్లు, పైన కాస్త. "సరిగ్గనే జెప్పింది బాపూ!" అని గంతులేసింది. నేనూ చప్పట్లు కొట్టాను, సిగ్గులేకుండా. మరుక్షణమే ఇంకో కేక.

"సేటూ! గిది తప్పు! కొండగట్టు నాకు ఎదురుంగ దక్షిణాన కనవడ్తుంది. గిది తూర్పంటది!"

మానస చేతిలో పుల్ల కిందపడింది. సాయిలు దిగివచ్చి, నడుం దగ్గరికి చెయ్యి మడిచి నాకు చూపించాడు. నిజమే, దిక్కు చూపే ముల్లు పక్కకు తిరిగి ఉంది. ఆయన గొంతులో గెలిచిన ఆనందం ఏమీ లేదు. "ఎత్తు మంచిగనే జెప్పింది. దారి దగ్గర తప్పింది. నేనెట్ల పంపాలె బిడ్డా?" అన్నాడు.

నాకు తల కొట్టేసినట్టయింది. ఆ పిల్ల ముఖం చూడలేక చూపు కిందికి దించాను. అదే మంచిదైంది. సాయిలు నడుముకు కట్టిన పొది కనిపించింది, అందులో నాలుగు ఇనప కత్తులు.

"సాయిలన్నా, ఆ కత్తులు ఇప్పు."

"ఎందుకు? నాయి నడుముకే ఉంటయి. ఎన్నడు ఎవలకు అడ్డం రాలే."

"ఇప్పు అంటే ఇప్పు!" అని అరిచాను. చెప్పాను కదా, నాకు కోపం తొందరగా వస్తుంది.

పొది విప్పి మొగిలవ్వకిచ్చాడు. ఆవిడ దాన్ని తీసుకుని పది అడుగులు అవతలికి వెళ్లింది. ముల్లు మెల్లగా తిరిగి, బుద్ధిగా కొండగట్టును దక్షిణాన పెట్టింది. సాయిలు నోరు తెరిచి చూశాడు. భార్యను దగ్గరికి రమ్మన్నాడు, ముల్లు పక్కకు పోయింది. దూరం పొమ్మన్నాడు, సరిగ్గా నిలబడింది. "రా... పో... మల్ల రా..." అని ఆవిడను ఎన్నిసార్లు తిప్పాడో. "నేనేమన్న నీ బస్సునా?" అని మొగిలవ్వ కసిరింది. అందరం పగలబడి నవ్వాం.

కాసేపటికి సాయిలు ఒక్కడే నవ్వు ఆపాడు. మణికట్టు మీది ముల్లును చూస్తూ మెల్లగా అన్నాడు. "తప్పు దీనిది గాదు సేటూ. నా కత్తుల పక్కనున్నంతసేపే దీనికి దారి తెలుస్తలేదు. దూరం జరిగితే సక్కగ జూపెడ్తుంది."

ఆయన జేబులోంచి కాగితం తీసి, "వంగు బిడ్డా" అన్నాడు. మానస వంగింది. ఆమె వీపు మీద కాగితం పరిచి, నా పెన్నుతో పెద్ద పెద్ద అక్షరాల్లో సాయిలు అని రాశాడు. మానస వీపు కదులుతూనే ఉంది, నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు. నా కళ్లు మాత్రం తడిశాయి, దాచుకోను.

మానస లేచి కళ్లు తుడుచుకుని చెయ్యి చాపింది. "బాపూ, నా గడియారం."

సాయిలు అప్పటికే పొది మళ్లీ నడుముకు కట్టుకుని, మోకు భుజాన వేసుకున్నాడు.

"ఉండు బిడ్డా, కత్తులున్నా ఎత్తయితే జెప్తది గదా. ఇంక తొమ్మిది చెట్లున్నయి."