తలుపు నుంచి కుర్చీ దాకా

ప్రతి సాయంత్రం ఆ ఇంట్లో జరిగేది ఒకటే. బయటి తలుపు తెరుచుకునేది. గుమ్మంలో తండ్రి కనిపించేవాడు, చేతిలో పనిముట్ల సంచి, మొహం నిండా నవ్వు. "వచ్చేశా" అనేవాడు. ఆ మాట గాల్లో ఉండగానే, పొడుగాటి నడవ దాటాక ఉండే గదిలో, కిటికీ పక్క కుర్చీలో, అదే నవ్వుతో కూర్చుని ఉండేవాడు. మధ్యలో ఏమీ ఉండేది కాదు.

ఆయన నడుస్తుండగా ఎవరూ చూడలేదు. భార్య చూడలేదు, కూతురు చూడలేదు. లిఫ్టులు బాగుచెయ్యడం ఆయన పని. తోటి మెకానిక్కులు ఆయన్ని కింద చూసేవాళ్లు, తర్వాత పైన చూసేవాళ్లు. మెట్ల మీద ఎవరికీ అడ్డం రాడని మంచి పేరు కూడా ఉంది. పెళ్లిలో వీడియో తీసినవాడు మాత్రం కాస్త సణిగాడట. కొందరికి గురక ఉంటుంది, కొందరిది ఎడమచేతి వాటం, ఈయనకి మధ్యలు లేవు. తల్లి టీ కప్పు తిన్నగా కుర్చీ పక్కనే పెట్టేది.

ఈమధ్య మాత్రం తలుపుకీ కుర్చీకీ నడుమ వ్యవధి పెరుగుతోంది. ఒకప్పుడు రెప్పపాటు. ఇప్పుడు ఆయన కుర్చీలోకి వచ్చేసరికి టీ మీద మీగడ కడుతోంది. తల్లి పైకేమీ అనకుండా కప్పు తీసుకెళ్లి మళ్లీ వేడి చేసుకొస్తోంది.

చిక్కొచ్చి పడింది కూతురికి. ఆ పిల్ల యానిమేషన్ కాలేజీలో రెండో ఏడు చదువుతోంది. గీసేదానికంటే చెరిపేది ఎక్కువని తోటివాళ్లు రబ్బరు అని పేరు పెట్టారు, ఆమె కూడా ఆ పేరుకి పలికేది. మొదట బంతి ఎగరడం గీశారు, తర్వాత పిండి సంచిని గెంతించారు, ఇప్పుడు మనిషి దాకా వచ్చారు. కదలికలో మొదటి బొమ్మ, చివరి బొమ్మ రబ్బరు దివ్యంగా గీసేది. ఆ రెంటినీ కలపాల్సిన మధ్య బొమ్మల దగ్గరే బండి మొరాయించేది. స్కేలు పెట్టి కొలిచినట్టు అన్నిటినీ సమానమైన ఎడంలో గీసి చేతులు దులుపుకునేది.

మెడలో స్టాప్‌వాచీ వేలాడేసుకుని తిరిగే మాస్టారు ఆమె కాగితాల కట్టని వేళ్ల మధ్య నుంచి జారవిడిచి చూశాడు.

"ఇది నడక కాదమ్మా. బల్ల మీద గ్లాసు తోసినట్టుంది. మీ ఇంట్లో మనుషులు నడవరా?"

"అమ్మ నడుస్తుంది సార్. నాన్న నడవరు."

"మంచం మీదున్నారా?"

"లేదు సార్. మధ్యలు లేవు."

"ఓహో" అని తలూపాడు మాస్టారు. "మా మేనమామ ఒకాయన అలాగే ఉండేవాడు. అయితే మీ నాన్ననే గియ్యి, తలుపు నుంచి కుర్చీ దాకా. శుక్రవారం చూస్తా. ఈసారి కూడా గ్లాసే తోశావో, వచ్చే ఏడు మళ్లీ బంతితో మొదలుపెట్టాల్సిందే."

కాలేజీలో అయితే అడుగున దీపం వెలిగే గాజు బల్ల ఉంటుంది, కింది కాగితంలోని బొమ్మ పై కాగితంలోకి కనిపిస్తుంది. ఇంట్లో రబ్బరుకి కిటికీ అద్దమే గతి. పగటి వెలుగులో కాగితాలు అద్దానికి ఆనించి, తండ్రి నడకని ఊహించి గీసింది. ఎన్ని గీసినా ఎడం సమానమే. బుధవారం సాయంత్రం ఆయన గుమ్మంలోకి వచ్చి "వచ్చేశా" అనే సమయానికి, ఎలా వచ్చిందో చూద్దామని కట్ట చేతిలోకి తీసుకుని, కాగితాలు చకచకా జారవిడుస్తూ తిప్పింది.

నడవలో తండ్రి కనిపించాడు.

నడిచాడనడానికి లేదు, జారాడు. కాళ్లు కదిలాయి గానీ నేలని పట్టుకోలేదు, భుజాలు ఊగలేదు. మొదటి అంగుళం నుంచి చివరి అంగుళం దాకా ఒకటే వేగం. కుర్చీ దగ్గరికి వచ్చాక నెమ్మదించాలిగా, నెమ్మదించలేదు. కుర్చీతో సహా పోయి గోడకి కొట్టుకున్నాడు.

"ఆగడం గియ్యలేదు నేను" అంది రబ్బరు.

తండ్రి నుదుటి మీద అప్పటికే బొప్పి కట్టింది. తల్లి తడిగుడ్డ అద్దుతూ, "పోన్లేవే, ఇన్నాళ్లకి కంటికి కనపడ్డారు" అంది. తండ్రి నవ్వాడు గానీ ఆ నవ్వు కళ్ల దాకా వెళ్లలేదు.

"ఇంకెప్పుడూ నన్ను గియ్యకు అమ్మలూ" అన్నాడు.

అలా బతిమాలుతున్నట్టు ఆయన మాట్లాడటం రబ్బరు ఎప్పుడూ వినలేదు. ఆ రాత్రే మధ్య బొమ్మలన్నీ చెరిపేసింది. ఏ కాగితం మీదా గీత ఆనవాలు కూడా మిగల్లేదు.

మర్నాడు గురువారం, తండ్రి మధ్యాహ్నమే వచ్చాడు. గుమ్మంలో నవ్వాడు. "వచ్చేశా" అన్నాడు.

కుర్చీ ఖాళీగా ఉంది.

తల్లి టీ వేడి చేసింది, మళ్లీ వేడి చేసింది. మూడోసారి గిన్నె పొయ్యి మీదే వదిలేసి గుమ్మం దగ్గరికి వెళ్లింది. విప్పిన బూట్లు అక్కడే ఉన్నాయి, పనిముట్ల సంచీ ఉంది. బూట్లో చెయ్యి పెట్టి చూసింది. వెచ్చదనం పోయింది.

"ఏవండీ" అని ఖాళీ నడవలోకి పిలిచింది. కూతురి వైపు తిరిగింది. "నువ్వేం చేశావే?"

"చెరిపేశా."

"ఏం చెరిపావు?"

"మధ్యలో ఉన్నదంతా."

తల్లి గోడకి ఆనుకుని కిందకి జారి కూర్చుంది. "అయితే మళ్లీ గియ్యి" అంది.

"నాన్న ఎలా నడుస్తాడో నాకేం తెలుసమ్మా? నిన్న గోడకి కొట్టుకున్నాడు. ఇవాళ ఇంకోలా తప్పు గీస్తే?"

"గియ్యకపోతే అసలు రారు కదే!" అని అరిచింది తల్లి. ఆవిడ అరవడం ఆ ఇంట్లో అరుదు.

రబ్బరు మంచం కింద నుంచి తన పాత కట్టలన్నీ లాగి నేల మీద పోసింది. బంతి కట్టని తిప్పింది. పైకి వెళ్లినచోట బంతులు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ ఉన్నాయి, కిందకి పడేచోట దూరం దూరంగా ఉన్నాయి. మాస్టారు చెప్పాడని అలా గీసింది తప్ప ఎందుకో ఆలోచించిన పాపాన పోలేదు. పిండి సంచి కట్టని తిప్పింది. ప్రతి రెండో కాగితం మీదా మాస్టారి ఎర్ర పెన్సిలు ఒకటే అడిగింది: బరువు ఎక్కడ? ఇన్ని నెలల చదువులో ఆమె ఆ ప్రశ్నకి ఒక్కసారీ జవాబు చెప్పలేదు. మొదలు చూసుకుంది, చివర చూసుకుంది, మధ్యనంతా ఎప్పుడు గట్టెక్కుతానా అని పరుగెత్తింది. తన మీద తనకే అసహ్యం వేసింది. లేచి గుమ్మం దగ్గరికి వెళ్లింది.

బూట్లు తిరగేసి చూసింది. ఎడమ బూటు అడుగు అరిగి పల్చనైపోయింది. కుడిది కొత్తదానిలా ఉంది.

"అమ్మా, ఈ గోడ మీద మరకేంటి?"

నడవ పొడుగునా, నడుమెత్తున, నల్లటి జిడ్డు చార ఉంది. "అదా, ఎన్నిసార్లు తుడిచినా వస్తుంది. నీ పెన్సిలు చేతులే అనుకుని తిట్టేదాన్ని" అంది తల్లి. చార అంతటా ఒకేలా లేదు. మూడు చోట్ల ముద్దగా, అరచెయ్యంత వెడల్పున ఉంది. కుర్చీ చెయ్యి పట్టుకుంటే వదులుగా ఊగింది, ఎవరో రోజూ దాని మీదే భారం వేసి దిగినట్టు.

రబ్బరుకి బరువు ఎక్కడుందో తెలిసింది.

"అమ్మా, నాన్నకి నడిస్తే నొప్పి" అంది.

కిటికీ దగ్గర కాగితం ఆనించి మొదలుపెట్టింది. కుడికాలు నేలకి ఆనీ ఆననట్టు. ఒళ్లంతా ఎడమ పక్కకి ఒరగడం, ఆ ఒరగడంలో బొమ్మకీ బొమ్మకీ దూరం. మళ్లీ కుడికాలు తేవడానికి పడే తంటా, అక్కడ బొమ్మలు దగ్గర దగ్గరగా. మరక ముద్దగా ఉన్నచోట గోడకి ఆయన చెయ్యి ఆనించింది, అదే బొమ్మ మళ్లీ మళ్లీ గీసింది, అక్కడ ఆయన ఊపిరి తీసుకోవాలి కదా. మొహం దగ్గరికి వచ్చేసరికి గుమ్మంలోని నవ్వు ఎంత గీద్దామన్నా కుదర్లేదు. పళ్లు బిగబట్టిన మొహమే వచ్చింది. దాన్ని అలాగే ఉంచింది.

ఎదురు భవనం వెనక్కి సూర్యుడు దిగుతున్నాడు. అద్దం పసుపు నుంచి బూడిద రంగుకి మారింది.

"లైటు వెయ్యనా?"

"వద్దమ్మా, వెలుగు కాగితం వెనక నుంచి రావాలి. గదిలో లైటు వేస్తే కింది బొమ్మ అసలు కనపడదు."

వాళ్లుండేది మూడో అంతస్తు. కిటికీ అవతల నిలబడి దీపం పట్టడానికి గాలి తప్ప ఏమీ లేదు. రబ్బరు ముక్కు కాగితానికి ఆనేలా వంగి గీసింది. గోడ అయిపోయిన చోటి దాకా తీసుకొచ్చింది. అక్కణ్ణుంచి కుర్చీ నాలుగడుగుల దూరం. కింది కాగితం ఇక కనపడలేదు.

"చీకట్లో ఊహించి గీస్తే మళ్లీ జారిపోతాడు" అంది, పెన్సిలు కింద పెట్టి. "రేపు తెల్లారేదాకా ఆగుదామా?"

"అంతసేపు ఆ కాలి మీద ఎక్కడ నిలబెడతావే ఆయన్ని?"

"కానీ చివర లేదమ్మా. గోడ దగ్గర కాగితాలు అయిపోతాయి. అక్కడ పడిపోతే?"

తల్లి లేచి కొంగుతో మొహం తుడుచుకుని, గోడ అయిపోయే చోటికి వెళ్లి నిలబడింది.

"ఉన్నంతవరకూ తిప్పు" అంది. "మిగతాది నేను చూసుకుంటా."

రబ్బరు తిప్పింది.

నడవ మొదట్లో తండ్రి కనిపించాడు. కుంటుతున్నాడు. ఎడమకాలి మీద ఒరిగి, కుడికాలిని ఆనీ ఆనకుండా వేస్తూ, గోడ పట్టుకుని ఆగాడు. రొప్పు వినిపించింది. మళ్లీ కదిలాడు. తల్లి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. రబ్బరు వేళ్లకి చెమటలు పట్టాయి. కాగితం కాగితానికి అంటుకుంటే ఆయన ఎక్కడ కూలబడతాడోనని ఒక్కొక్కటే వదిలింది. రెండోచోట ఆగాడు, మూడోచోట ఆగాడు. గోడ అయిపోయింది. కుడికాలు పైకి లేచింది. చేతిలో కాగితాలు అయిపోయాయి.

లేచిన కాలు గాల్లో అలాగే ఉంది. తండ్రి మొత్తంగా ముందుకి తూలాడు.

తల్లి ఆయన చంక కింద భుజం దూర్చింది. బరువు తగిలి ఆవిడ మోకాళ్లు వంగాయి, అయినా వదల్లేదు. కాలు నేలకి దిగింది. తర్వాత ఇంకో కాలు. ఎవరూ గియ్యని ఆ నాలుగడుగులూ ఇద్దరూ కలిసి నడిచి కుర్చీ చేరుకున్నారు.

"ఎప్పట్నుంచి?" అంది తల్లి, ఆయన పంట్లాము మోకాలి పైకి మడుస్తూ. మోకాలు ఉబ్బి గట్టిగా ఉంది.

"పెళ్లికి ముందు. లిఫ్టు గోతిలో పడ్డా." తండ్రి కూతురి వైపు చూడలేకపోయాడు. "కుంటివాడికి పిల్లనెవరిస్తారు? అందుకని నడిచేటప్పుడు కనపడకుండా ఉండటం అలవాటు చేసుకున్నా. తర్వాత మానడం చేతకాలేదు. ఇవాళ నాకే దారి దొరకలేదు."

"నడక చూసి చేసుకున్నానా మిమ్మల్ని?" అంది తల్లి, కోపంగా, ఏడుస్తూ. "ఇన్నేళ్లు గుమ్మంలో మనిషితో, కుర్చీలో మనిషితో మాత్రమే కాపురం చేశాను నేను."

మర్నాడు శుక్రవారమని, మాస్టారికి కట్ట చూపించాలన్న సంగతి ముగ్గురిలో ఎవరికీ గుర్తు లేదు.

"రేపు వెళ్లి వర్క్‌షాపులో కింద పని ఇమ్మని అడుగుతా" అన్నాడు తండ్రి. "మెట్లు ఎక్కలేనని చెప్పేస్తా."

దాహమేసింది ఆయనకి. వంటింటి వైపు చూశాడు. తల్లి లేవబోతే చేత్తో వారించాడు. కుర్చీ చెయ్యి ఊతంగా లేచి, వాళ్లిద్దరి కళ్లెదుట, ఒక్కో అడుగుకీ "అబ్బా" అంటూ, మంచినీళ్లకి నడుచుకుంటూ వెళ్లాడు.