ఏడో నంబరు

ప్రొఫెసరుగారి నోట్లోంచి మాట ఊడిపడకముందే టైపిస్టు వేళ్లు దాన్ని కొట్టేస్తాయి. ముప్ఫై నాలుగేళ్ల అలవాటు. ఆయనకది చిరాకు. “నేను చెప్పాక కొట్టు, అమ్మాయ్!” అంటాడు. అమ్మాయికి యాభై ఎనిమిదేళ్లు. కుడి చూపుడువేలు వంకరపోయింది.

ఈ రోజు ఆత్మకథలో ఆఖరి అధ్యాయం: తనను తీర్చిదిద్దినవాళ్లు. తత్వశాస్త్రం ప్రొఫెసరుగారు కుర్చీలో వెనక్కి వాలి, కళ్లు మూసుకుని చెప్పుకుపోతున్నాడు. మనసును గడియారంతో కొలవడం నేర్పిన మనస్తత్వశాస్త్ర గురువుకు ఒక పేజీ. తెలిసినదంతా పక్కనపెట్టి, కనిపించేది కనిపించినట్టు చెప్పమన్న రెండో గురువుకు రెండు పేజీలు. రోజూ వచ్చి వాదించి, కాఫీలు తాగిపోయిన మిత్రుడికి కూడా అరపేజీ.

ఆమెకు ఒళ్లు మండిపోయింది. మొదటి గురువును వదిలి రెండో ఆయన దగ్గరికి ఈయన ఎందుకు పరుగెత్తాడో ఆమెకు తెలుసు. అప్పట్లో మొదటి గురువు ప్రయోగశాలలో పరీక్షకు కూర్చున్నవాళ్లలో ఆమె ఏడో నంబరు. దీపం వెలగగానే ఇత్తడి మీట నొక్కాలి. ఆమె వెలగకముందే నొక్కింది. గురువు ‘తప్పు’ అని కొట్టేశాడు. గడియారం పట్టుకున్న శిష్యుడు, అంటే ఈయనే, ఎందుకు నొక్కావని అడిగాడు.

“దీపం రాలేదండీ. కానీ వస్తుందని ఎదురుచూస్తున్నాను కదా, నాకు ముందే వచ్చేసినట్టుంది.”

ఆ ఒక్క మాట పట్టుకుని ఆయన గురువును మార్చాడు, మూడు పుస్తకాలు రాశాడు. మూడూ ఆమే టైపు చేసింది. ఎక్కడా ఏడో నంబరు ఊసే లేదు. ఆ మీట మాత్రం ఆయన బల్ల మీద కాగితాలు ఎగరకుండా పడివుంది.

“అయిపోయిందా సార్?” అంది, కారం దాచుకోకుండా.

“ఉండు, ఇంకొకరున్నారు. రాయి... వీళ్లందరికంటే ముందు, నాకు...”

తరవాత ఏం రావాలో ఆమెకు తెలుసు. వేళ్లు లేచాయి కూడా. వాటిని బలవంతాన ఒళ్లో పెట్టుకుంది. ఈ ఒక్కటీ ఆయన నోటితోనే వినాలి. ఇన్నేళ్లలో మొదటిసారి, ఆయన చెప్పాకే కొడదామని ఆగింది.

ఎంతసేపటికీ ఆయన మాట్లాడలేదు. తల పక్కకు వాలింది. ఆమె లేచి ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది.

“ఆ ఒక్క మాటా చెప్పి పోతే నీ సొమ్మేం పోయేది!” అంది. ఏడుపొచ్చింది. ఏడుపొచ్చినందుకు ఇంకా కోపమొచ్చింది.

డాక్టరు వచ్చి వెళ్లాక, ఆయన భార్య కళ్లు తుడుచుకుంటూ మిషను వైపు చూసింది. “సగంలో ఆగిపోయిందే. నువ్వే పూర్తిచెయ్యమ్మా, ఆయన ఏం చెప్తారో నీకు తెలుసుగా.”

“ఆయన చెప్పలేదండీ,” అంది టైపిస్టు.

సంచీ భుజాన వేసుకుని వెళ్లిపోయింది. మిషన్లో కాగితం అలాగే ఉంది. ‘వీళ్లందరికంటే ముందు, నాకు’ అన్న తరవాత అంతా ఖాళీ.