చెవులు కదపని గుర్రం

రేపటి యుద్ధంలో మా దొర ఓబెర్ ఎక్కబోయే గుర్రాన్ని బేరగాడు గోతియే తోలుకొచ్చాడు. దాని పక్కనే ఇనుప కవచాన్ని సుత్తితో దడదడ బాదాడు. గుర్రం బెదరలేదు.

"చూశారా దొరా, పిడుగు పడ్డా కదలదు!"

దొర మురిసిపోయాడు. లాయం చూసే నాకే మనసొప్పలేదు. గుర్రం వెనకాల నిలబడి తొట్టిలో దాణా గలగలా పోశాను. చెవి కూడా తిప్పలేదు.

"దాణా చప్పుడుకి తల తిప్పని గుర్రం ఉంటుందటయ్యా?" అన్నాను.

"నీలాగా తిండిపోతు కాదులే!" అని గోతియే ఇకిలించాడు.

దాని చెవిలో వేలు పెట్టి మైనం పూసిన ఉన్ని ఉండ లాగాను. రెండో చెవిలోనూ ఉంది.

"ఇప్పుడు బాదవయ్యా."

గోతియే సుత్తి కింద పెట్టేశాడు. దొరే అందుకుని కవచం మీద ఒక్కటేశాడు. గుర్రం తాడు తెంపుకుని, కంచె విరగ్గొట్టి, పొలాల్లో పడి పారిపోయింది.

దొర నా వైపు తిరిగాడు.

"మన ముసలి గుర్రానికే జీను కట్టరా," అన్నాడు.