తాడు వదిలితే పారిపోతాడు

మా సినిమాలో ప్రేమికులిద్దరూ చంద్రమండలానికి లేచిపోతారు. రాకెట్టు ప్లైవుడ్డు, చంద్రుడు థర్మోకోల్. దుస్తులు కుట్టేది నేను. చిన్నప్పటి నుంచి అంతరిక్షంలోకి వెళ్ళాలని నాకు మహా పిచ్చి. చివరికి అక్కడికి వెళ్ళినట్టు నటించేవాళ్ళకు జిప్పులు కుట్టే దాకా వచ్చాను.

తాళ్ళు లాగేది అతను. కప్పీ మీదుగా తాడు వేసి ఎంతటి మనిషినైనా దూదిపింజలా గాల్లో తేలుస్తాడు. నా దగ్గరికొచ్చి "నీతో ఒక మాట..." అంటాడు. ఆ మాట నోట్లో ఉండగానే కాళ్ళకు బుద్ధి చెబుతాడు. ఏడాదిగా ఇదే వరస. ఇంతలో మా అత్తయ్య నాకు వేరే సంబంధం చూసింది. ఒకరోజు పొద్దున్నే, సాయంత్రానికల్లా ఏ సంగతో తేల్చమంది. నాకేమో ఈ పిరికిపంద తప్ప ఇంకెవరూ వద్దు.

ఆ రోజు తాడుతో పైకి లేపుతామనగానే హీరోయిన్ పైకప్పు వైపు చూసి, కళ్ళు తిరిగి కూలబడింది. కొలతలివ్వడానికి ఆవిడ ఎన్నడూ రాలేదు కాబట్టి ఆవిడ అంతరిక్షపు సూటు నా కొలతలతోనే కుట్టాను.

"నువ్వే ఎక్కమ్మా, హెల్మెట్టులో మొహం ఎలాగూ కనపడదు" అన్నాడు డైరెక్టర్. ఎగిరి గంతేశాను.

పైకి లేచాను. చుట్టూ నల్లగుడ్డ మీద చమ్కీ నక్షత్రాలు. నిజంగానే వెళ్ళిపోయాననిపించి కళ్ళు చెమర్చాయి. కిందికి చూస్తే, రెండు చేతులా తాడు పట్టుకుని అతను. అప్పుడు వెలిగింది నా బుర్ర. తాడు చేతిలో ఉన్నంతసేపూ ఈ మహానుభావుడు ఎక్కడికీ కదల్లేడు!

"ఏదో మాటన్నావుగా, చెప్పు!" అని అరిచాను.

"దించాక చెప్తా."

"చెప్పేదాకా దిగను!" అంటూ పైకప్పు దూలాన్ని ఒక చేత్తో పట్టేసుకున్నాను. "సాయంత్రం మా అత్తయ్య వేరేవాళ్ళకి మాటిచ్చేస్తుంది!"

సెట్టంతా నోరు తెరుచుకుని చూస్తోంది. అతని మొహం ఎర్రగా కందిపోయింది.

"నువ్వంటే ఇష్టం! పెళ్ళి చేసుకుందాం! ఇక దిగు తల్లీ, చేతులు పడిపోతున్నాయి!"

అందరూ చప్పట్లు కొట్టారు. నన్ను దించి, నడుముకున్న కొక్కెం విప్పాడు. నాకు మాత్రం అనుమానమే. బరువు మోయలేక అన్న మాటను నమ్ముకుని అత్తయ్యకు ఏం చెప్పను?

"తాడు పట్టుకుని అన్నది చెల్లదు. ఇప్పుడు నీ ఇష్టం. అదిగో తలుపు" అన్నాను.

అతను తలుపు వైపు చూశాడు. తర్వాత గబగబా అటే నడిచాడు. అయిపోయింది, నా నోటి దురుసుతో నేనే పాడుచేసుకున్నాననుకున్నాను. ఏడుపొచ్చింది.

గడప దగ్గర ఆగి వెనక్కి తిరిగాడు.

"రావేం? మీ అత్తయ్యతో నేనే మాట్లాడతా. దారిలో నా చెయ్యి మాత్రం వదలకు, మళ్ళీ పారిపోతానేమో."

హెల్మెట్టు చంకలో పెట్టుకుని, రెండో చేత్తో అతని చెయ్యి గట్టిగా పట్టుకున్నాను.