బుడగ ఇచ్చిన తీర్పు

ఈ లోకంలో సిఫారసుకు లొంగనిది, బంధుప్రీతి ఎరుగనిది, తీర్పును వాయిదా వేయనిది ఒక్కటే: గాలి నిండిన రబ్బరు బుడగ. దాని ఒంటికి సబ్బునురగ పూసి, ఆ నురగను గడ్డం కత్తితో తీయాలి. చేయి తప్పిందా, తీర్పు వీధి చివరిదాకా వినిపిస్తుంది. క్షురవృత్తిలో అడుగుపెట్టే ప్రతివారూ ఈ న్యాయస్థానం మెట్లెక్కవలసిందే. సెలూను ఉస్తాదు ఒకప్పుడు తానెక్కాడు. ఆ తర్వాత కన్నకూతురితో సహా ఒక తరాన్ని ఎక్కించాడు.

అంతటివాడు ముసలితనంలో మళ్లీ ముద్దాయి కావడానికి కారణం కంట్లో శుక్లం. లెక్కల మాస్టారి చెవికీ చెంపకూ మధ్యనున్న సరిహద్దును ఆయన ఒకనాడు స్వల్పంగా సవరించాడు. కూతురు ఆ సాయంత్రమే కత్తిలోని బ్లేడు తీసి పారేసి, కత్తిని సొరుగులో పెట్టి తాళం వేసింది.

"కన్ను బాగుచేయించుకో నాన్నా. బుడగ మీద నెగ్గితే కత్తి నీది. లేదంటే గల్లాపెట్టె దగ్గర కూర్చుందువుగాని."

"దానికంటే నన్ను దువ్వెనల డబ్బాలో పడెయ్యి."

శస్త్రచికిత్సకు ఆయన పట్టాభిషేకానికి వెళ్లినట్టు వెళ్లాడు. కంట్లో చుక్కలు వేశారు. ముఖం మీద కన్నంత రంధ్రమున్న గుడ్డ కప్పారు. మసకబారిన పాత లెన్సు తీసి కొత్తది అమర్చారు. "కదలకండి" అని డాక్టరమ్మ అంటే, "నేను రోజూ జనానికి చెప్పే మాటే అమ్మా అది" అని గుడ్డ కిందినుంచి సెలవిచ్చాడు.

ఇంటికొచ్చాక నల్లకళ్లద్దాల ఏలుబడి సాగింది. కన్ను నలపకూడదు, తలకు నీళ్లు పోసుకోకూడదు, బరువులెత్తకూడదు. కూతురు వేళకు మందుచుక్కలు వేస్తుంటే గడ్డం పైకెత్తి, సామంతుల కప్పంలా స్వీకరించేవాడు. కనిపించినదల్లా లోకానికి ప్రకటించేవాడు: ఎదురింటి గోడ పసుపు కాదు, తెలుపు, చీమకు మీసాలున్నాయి.

"నీకు తల నెరిసిందేమిటే తల్లీ?"

"ఎప్పుడో నెరిసింది నాన్నా. నువ్వే ఆలస్యంగా వచ్చావు."

డాక్టరమ్మ పనికి అనుమతించిన మర్నాడు సెలూను నిండిపోయింది. కూతురు బుడగకు నురగ పూసింది. కాగితం విప్పని కొత్త బ్లేడును అద్దం ముందు పెట్టి, సొరుగు తాళం తీసింది.

"బ్లేడు నేను తొడగనా?"

"తాతకు దగ్గులు నేర్పకే. అవతలికి జరుగు."

"చెవులు మూసుకోండి, పగలబోతోంది," అన్నాడు పోస్టుమాన్.

"నేను మూసుకునే ఉన్నా. అనుభవం," అన్నారు మాస్టారు.

రెండు ముక్కలు చెప్పి మొదలుపెడతానన్న ఉస్తాదు, వృత్తి ఔన్నత్యం మీద ఉపన్యాసమే దంచి, ఆ ఊపులోనే కత్తి అందుకున్నాడు. మణికట్టు వాలింది, లేచింది. నురగ పొరలుపొరలుగా జారింది. బుడగ కిక్కురుమనలేదు. ఆఖరి గీతతో ఎర్రని రబ్బరు నిగనిగలాడుతూ బయటపడింది. బెంచీ మీదివాళ్లంతా లేచి చప్పట్లు కొట్టారు. కూతురు కళ్లు తుడుచుకుంది.

"కత్తి నీదే నాన్నా."

ఉస్తాదు బుడగను విజయపతాకంలా అద్దం పైన వేలాడదీశాడు. ధైర్యం చేసి మొదట కుర్చీ ఎక్కినది మాస్టారే. ఆయన చెంపకు నురగ పట్టించి, అదే కత్తితో అదే రాజసంతో తీయసాగాడు.

"ఏం చేయి ఉస్తాదూ," అన్నారు మాస్టారు, కళ్లు మూసుకునే. "కత్తి తగిలినట్టే లేదు."

"చేయి కాదు మాస్టారూ. కన్ను. అంతా కంట్లో ఉంది."

అద్దం ముందు కొత్త బ్లేడు, కాగితం విప్పకుండా, పెట్టినచోటే ఉంది.