ఒక్క లిఫ్టున్న ఊరు

మా చిన్నాడికి నాలుగేళ్లప్పుడు ఇంట్లో ఫోను మోగితే చాలు, వాడే పరుగెత్తుకెళ్లి ఎత్తి "ఏ అంతస్తులో ఇరుక్కున్నారు?" అని అడిగేవాడు. అవతల మా అక్క ఉండేది. "ఒరే, నేన్రా, పెద్దమ్మని!" అని ఆవిడ ఎంత మొత్తుకున్నా వినేవాడు కాదు. "భయపడకండి, తలుపు లాగకండి, నాన్న వస్తున్నాడు" అని ధైర్యం చెప్పి ఠక్కున పెట్టేసేవాడు. ఆ తరవాత అక్క మళ్లీ ఫోను చేసి నాకు పెట్టే చివాట్లు వేరే.

వాడి తప్పేమీ లేదు. మా ఇంట్లో ఫోనంటే అంతే. మా ఆయన లిఫ్టు మెకానిక్కు. నగరంలో పేరున్న కంపెనీ, సగం మేడల లిఫ్టులు ఆయన చేతికిందే ఉండేవి. వాటిలో ఏదో ఒక దాంట్లో, ఎవరో ఒకరు, రెండంతస్తుల మధ్య ఇరుక్కునే ఉండేవారు. వాళ్లకు మా భోజనాల వేళ ఎలా తెలిసేదో గానీ, ఆయన ముద్ద కలిపేసరికి ఫోను మోగేది. చెయ్యి కడుక్కుని, బూట్లేసుకుని, పనిముట్ల సంచీ భుజానికి తగిలించుకుని "వచ్చేస్తా" అనేవారు. నేను కంచం మీద మూత పెట్టేదాన్ని.

వెడల్పాటి అల్యూమినియం మూత, నడుమ నల్లటి బొడిపె, ఒక అంచున సొట్ట. ఇంట్లో దానికున్నంత పని ఇంకే గిన్నెకూ ఉండేది కాదు. ఆయన తిరిగొచ్చేసరికి లోపల అన్నం గట్టిపడి, మూత లోపలి వైపు నీటిబొట్లు నిలిచి ఉండేవి. పిల్లలు నిద్రపోయుండేవారు. అయినా జీతం బాగా వచ్చేది. అబద్ధమెందుకు, నాకది ఇష్టంగానే ఉండేది. గాలీ వెలుతురూ ఉన్న ఇల్లు, ఎదురింట్లో మనసు కలిసిన స్నేహితురాలు, వీధి చివర సినిమా హాలు. మొగుడు ఇంట్లో ఉండడన్న మాటేగానీ నాకేం లోటని అనుకునేదాన్ని.

ఒకనాటి సాయంత్రం ఆయన ఇంటికొచ్చేసరికి చిన్నాడు మూసిన తలుపు బయట, మెట్ల దగ్గర, గోడకానుకుని నిలబడి ఉన్నాడు. కాళ్లకు నాన్న పాత బూట్లు.

"ఏంట్రా ఇక్కడున్నావ్? అమ్మ కొట్టిందా?"

"లేదు. ఆడుకుంటున్నాం. అక్క అమ్మ, నేను నాన్నని."

"మరి లోపలికి వెళ్లి ఆడుకో. బయటెందుకు నిలబడ్డావ్?"

వాడు వింతగా చూశాడు. "నేను నాన్నని కదా," అన్నాడు మళ్లీ.

లోపల వాళ్లక్క, మా పెద్దది, బొమ్మ కంచంలో కాగితం ముక్కలు వడ్డించి, దానిమీద డబ్బా మూతొకటి బోర్లించి, బుద్ధిగా ఎదురుచూస్తూ కూర్చుంది. ఎప్పట్నుంచి సాగుతోందో ఆ ఆట. నేను వంటింటి గుమ్మంలోంచి చూసి పగలబడి నవ్వాను. ఆయన నవ్వలేదు. బూట్లయినా విప్పకుండా కుర్చీలో కూలబడ్డారు. ఆ పూట ఫోను మోగితే ఎత్తలేదు కూడా. అది మోగి మోగి ఆగిపోయింది. మా ఇంట్లో అలా జరగడం అదే మొదటిసారి.

తరవాత కొద్దిరోజులకే ఆయన కొత్త ఉద్యోగం కబురు మోసుకొచ్చారు. ఎక్కడో సముద్రం ఒడ్డున చిన్న ఊరు. ఊరు మొత్తానికి ఒక్కటే లిఫ్టు, అదీ ఐదంతస్తుల పాత హోటల్లో. దాన్ని చూసుకోవాలి, పనిలో పనిగా హోటల్లో కుళాయిలూ ఫ్యాన్లూ చూసుకోవాలి.

"ఒక్క లిఫ్టా?" అన్నాను.

"ఒక్కటే. ఇల్లు ఆ వీధిలోనే ఇస్తారు. మధ్యాహ్నం ఇంటికొచ్చి తినొచ్చు."

"జీతం?"

చెప్పారు. సగం కూడా కాదు.

నేను ఒంటికాలి మీద లేచాను. "తినడానికి మీరొస్తారు, సరే. తినడానికి ఏముంటుంది?" అన్నాను. ఇంకా చాలా అన్నాను. ఆయన తల వంచుకుని అన్నీ విన్నారు. ఆయన పద్ధతే అంత. మోటారు ఎంత రొద చేసినా మధ్యలో చెయ్యి పెట్టరు, దాని చప్పుడు అదే ముగించుకునేదాకా వింటారు. నేను అలిసిపోయాక, "వాడు తలుపు బయట నిలబడ్డాడే," అన్నారు మెల్లగా. నా నోరు మూతపడిందే గానీ కోపం చల్లారలేదు.

మా అక్క ముక్కున వేలేసుకుంది. "మీ ఆయన మొదట్నుంచీ ఇంతేనా, ఈ మధ్యనే మొదలైందా?" అని అడిగింది. కంపెనీలో పెద్దసారు మాత్రం భుజం తట్టి, "ఏడాదిపాటు నీ సీటు అలాగే ఉంచుతాను. సముద్రం మొహం మొత్తాక వచ్చెయ్," అన్నారట.

ఆ ఒక్క మాట పట్టుకుని నేను బయల్దేరాను. సామాను సర్దేటప్పుడు ఒక చెక్కపెట్టెను వేరే ఉంచాను. నా మంచి గాజు ప్లేట్లు, కప్పులు, చివర్లో చేతికందినవన్నీ అందులో కుక్కి తాడుతో బిగించి కట్టాను. "ఇది అక్కడ విప్పేది లేదు. ఎలాగూ తిరిగొచ్చేవాళ్లమే, మళ్లీ ఎవరు సర్దుతారు?" అన్నాను, ఆయనకు వినబడేలా. ఆయన కొత్త ఇంట్లో దాన్ని గుమ్మం పక్కన పెట్టి, రోజూ దానిమీదే కూర్చుని బూట్లేసుకునేవారు.

మొదటి ఆదివారం మధ్యాహ్నం భోంచేసి ఆయన అలా నడుం వాల్చి కళ్లు మూసుకున్నారో లేదో, ఉలిక్కిపడి లేచారు. "మోటారు బేరింగ్ పోయింది!" అన్నారు. నేను అడిగేలోపు బూట్లేసుకుని, సంచీ తగిలించుకుని వీధిలో పడ్డారు. పిల్లలిద్దరూ వెనకాల పరుగెత్తారు. నేనూ వెళ్లాను. ఆయన ఏదో చప్పుడు వెంట హోటలు దాటి, వీధి చివరి దాకా వెళ్లి, అక్కడ రోడ్డయిపోతే ఆగారు. ఎదురుగా సముద్రం. ఒకటే రొద, మధ్య మధ్య గరగర. సంచీ పట్టుకుని దానికేసి చూస్తూ నిలబడ్డారు.

"నాన్నా, ఏ అంతస్తు?" అన్నాడు చిన్నాడు.

ఆయన సంచీ కింద పెట్టి ఇసుకలో కూర్చుని, కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వారు. "ఇది నావల్ల కాదురా," అన్నారు. ఆ రోజు నుంచీ సముద్రం హోరెక్కువైనప్పుడల్లా పిల్లలు "నాన్నా, బేరింగ్ పోయింది, వెళ్లి చూడు" అని ఆయన్ని ఆటపట్టించేవారు. నేను మాత్రం నవ్వకూడదని ఒట్టు పెట్టుకున్నాను. నవ్వితే ఊరు నచ్చిందనుకుంటారని నా భయం.

ఎలా నచ్చుతుంది? ఆరేసిన బట్టలు ఆరవు. అగ్గిపుల్ల గీస్తే అంటుకోదు. తలుపు గొళ్లాల నుంచి తలపిన్నుల దాకా అన్నీ తుప్పు. మధ్యాహ్నమైతే అంగళ్లు మూసి ఊరంతా నిద్రపోతుంది. సినిమా హాలు లేదు. పెద్దదాని గౌను అంచు విప్పి పొడుగు చేశాను, మళ్లీ విప్పడానికి గుడ్డ మిగల్లేదు. ప్రతిదానికీ ఆయన్నే దెప్పేదాన్ని. ఆయన హోటల్లో పొద్దున్నే లిఫ్టు పైన మోటారు గదిలోకెక్కి, ఉప్పుగాలికి పచ్చగా చిలుము పట్టిన రాగి కాంటాక్టులను ఒక్కొక్కటే గుడ్డతో తుడిచేవారు. "ఒక్కటే కదా, పసిపిల్లలా చూసుకోవాలి," అనేవారు. నాకు ఒళ్లు మండేది. నగరంలో సగం జనాన్ని మేడలు ఎక్కించి దింపిన మనిషి, ఇక్కడ ఒక డొక్కు పంజరానికి లాల పోస్తున్నాడని.

మధ్యాహ్నం బడి వదలగానే పిల్లలు హోటలు దగ్గర ఆగి ఆయన్ని వెంటేసుకుని వచ్చేవారు. ముగ్గురూ కాళ్లనిండా ఇసుకతో ఇంట్లోకి వస్తే నేను చీపురు పట్టుకుని అరిచేదాన్ని. అరుస్తూనే వడ్డించేదాన్ని.

అలా ఏడాది కావొచ్చింది. ఒకరోజు మా గుమ్మం ముందు కారు ఆగింది. దిగింది పెద్దసారు. చూడగానే నా గుండె గంతులేసింది. కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చాను. "వాడు లేకుండా నావల్ల కావడం లేదమ్మా," అన్నారాయన. "చప్పుడు విని జబ్బు చెప్పే చెవి ఇంకొకడికి లేదు. ఈసారి జీతం కూడా పెంచుతాను." నేను లోపల్లోపలే సామాను సర్దేశాను. ఎదురింటి స్నేహితురాలికి ఏం చెప్పాలో కూడా అనుకున్నాను.

మధ్యాహ్నం మా ఆయన పిల్లలతో వచ్చారు. పెద్దసారు అదే మాట మళ్లీ చెప్పారు. పిల్లలు గోడకంటుకుపోయారు. పెద్దది పెదవి కొరుక్కుంటోంది. ఆయన "మా ఆవిణ్ని అడగండి సార్," అన్నారు. "ఇక్కడికి తెచ్చింది నేను. అప్పుడు తన మాట వినలేదు. ఇప్పుడు తను ఏమంటే అది."

ఏడాదిగా నేను కాచుకున్న మాట అది. "సరే సార్" అంటే అయిపోయేది. కానీ ఇంటికొచ్చిన పెద్దమనిషికి సొట్టపళ్లేల్లో ఎలా పెడతాం? "ముందు భోంచెయ్యండి," అని, మంచి ప్లేట్లు తీద్దామని గుమ్మం పక్కనున్న పెట్టెను లోపలి గదిలోకి లాక్కెళ్లాను. తేమకు తాడు ముడి బిగుసుకుపోయింది. కత్తితో కోశాను. ఎలాగూ తిరిగి వెళ్లేదే కదా, కొత్త తాడు కొనుక్కోవచ్చనుకున్నాను.

పెట్టె పైచెక్క ఎత్తగానే అన్నిటికన్నా పైన అది ఉంది. అల్యూమినియం మూత. నల్లటి బొడిపె, అంచున సొట్ట.

నేను దాన్ని చేతిలో పట్టుకుని నేల మీద చతికిలబడ్డాను. మూత ఈ పెట్టెలో ఉందని నాకు తెలియదు. తెలియకపోవడం కాదు, ఏడాదిలో ఒక్కపూటైనా దానికోసం వెతకలేదు. అది లేదన్న సంగతే నాకు తట్టలేదు. చిటపటలాడుతూనో, మూతి ముడుచుకునో, నేను వడ్డించిన ప్రతి కంచం ముందూ ఆయన కూర్చునే ఉన్నారు. ఆ పక్కన వీడు, ఈ పక్కన అది. నాకు ఏడుపు ముంచుకొచ్చింది. ఏడాదంతా సంతోషంగా ఉండి, ఆ ముక్క నాకు నేనే తెలియనివ్వలేదు.

బయట పెద్దది రోజూ తినే పళ్లేల్లోనే వడ్డించేసినట్టుంది, చిన్నాడి కేక వినబడింది. "అమ్మా, రా! నాన్న నీకోసం తినకుండా ఆగాడు!"

కళ్లు తుడుచుకుని మూత పట్టుకునే బయటికొచ్చాను. "మేం రాం సార్," అన్నాను. "మాకు ఇక్కడ బాగుంది." నా గొంతు నాకే కొత్తగా వినబడింది. పెద్దది చప్పుడు చెయ్యకుండా వచ్చి నా కొంగు పట్టుకుంది.

మా ఆయన నా చేతిలోని మూతకేసి చూశారు, నాకేసి చూశారు. ఆయనకు అర్థమైందని నాకు తెలిసింది. "ప్లేట్లు తెస్తానని వెళ్లావు?" అన్నారు. పెద్దసారు సొట్టపళ్లెంలోనే తిన్నారు. మారు వడ్డించమని అడిగి మరీ తిన్నారు. వెళ్తూ వెళ్తూ కారు తలుపు పట్టుకుని, "వేడి వేడిగా తిని ఎన్నాళ్లయిందో," అన్నారు.

మూతను మళ్లీ పెట్టెలో పెట్టలేదు. పెరటి తలుపు పక్కన మేకుకు వేలాడదీశాను. ఎప్పుడైనా ఆయనకు ఆలస్యమైతే పెద్దది గరిటెతో దాన్ని వాయించేది. ఆ మోత హోటలు దాకా వినబడేది. ఐదో అంతస్తు కిటికీలోంచి ఆయన చెయ్యి ఊపేవారు. హోటల్లో దిగినవాళ్లు కూడా మా మూత మోగితే భోజనాల వేళయిందని లేచేవారట. ఆ మధ్యాహ్నాలు తలుచుకుంటే ఇప్పటికీ నా ముక్కుకు తడి ఇసుక వాసనా, గ్రీజు వాసనా కలిసి తగులుతాయి. చీపురు పట్టుకుని ఎంత అరిచానో, ఆ ఇసుక కోసమే ఇప్పుడు అంత బెంగగా ఉంటుంది.

పిల్లలు పెద్దవాళ్లై ఎవరి ఇళ్లల్లో వాళ్లున్నారు. పాత పంజరం తీసేసి హోటల్లో కొత్త లిఫ్టు పెట్టారు, దానికి మనిషితో పని లేదు. ఆయనకు చెవులు బొత్తిగా పోయాయి. ఏళ్ల తరబడి మోటార్ల పక్కన తల పెట్టినందుకని డాక్టరు చెప్పాడు. నేను మూత వాయిస్తే వీధంతా వింటుంది, వినాల్సినాయన తప్ప. అందుకని మధ్యాహ్నం వడ్డించి నేనే వెళ్తాను. వీధి చివర గట్టు మీద కూర్చుని ఉంటారు. భుజం తడితే, "కాసేపు కూర్చో," అంటారు. కూర్చుంటాను. ఇంటి దగ్గర అన్నం చల్లారిపోతుంది, ఇద్దరిదీ. మూత పెట్టి రాను.

మొన్న సముద్రం మంచి పోటు మీదుంది. అలలు గట్టును బాదుతున్నాయి, తుంపర మొహాన కొడుతోంది, నా మాట నాకే వినబడటం లేదు. ఆయన పాత అలవాటుకొద్దీ కళ్లు మూసుకుని, కుడిచెవి కాస్త అటు తిప్పి, చాలాసేపు అలాగే ఉన్నారు. తరవాత నావైపు తిరిగారు.

"ఎవరో బాగు చేసేశారే," అన్నారు. "అస్సలు చప్పుడు లేదు."

నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. "పదండి, అన్నం చల్లారిపోయింది," అన్నాను. నా పెదాలు చూసి పోల్చుకున్నట్టున్నారు.

"ఇంకాసేపు," అన్నారు.

ఇంకాసేపు కూర్చున్నాం.